గుర్తుపట్టే మాటలు, వాడే మాటలు: ఇంగ్లీషు పదజాలం మీద ప్రాజెక్టు డైరీ

మే, రెండో వారం

ఈ వేసవి పని: ఉన్నత స్థాయి ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం, నేర్చుకున్న మాటతో నిలబడే వాక్యం రాయడం. పనిచేసేది ఇద్దరం. నేను కాకినాడలో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమమే. రెండో మనిషి మా అన్నయ్య కూతురు. ఇంజనీరింగ్ ముగించి, విదేశాల్లో పైచదువుల కోసం రాసే జీఆర్‌ఈ పరీక్షకు సిద్ధమవుతూ మా ఇంటికి వచ్చింది. తనకు మార్కులు కావాలి. నాకేమో ఇంగ్లీషు పత్రిక సంపాదకీయాన్ని మధ్యలో ఆగకుండా చదవాలని, అవసరం పడితే అలాంటి పేరా ఒకటి సొంతంగా రాయాలని కోరిక. ఎవరి అవసరం వారిది కాబట్టి మొదటి వాదన జాబితా దగ్గరే మొదలైంది.

తను తెచ్చిన జాబితా అక్షరక్రమంలో ఉంది. అబేట్, అబెరంట్, అబేయన్స్, అబ్‌స్కాండ్, అబ్‌స్టెయిన్... చూపుకీ చెవికీ అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇలాంటి వాటిని పక్కపక్కనే నేర్చుకుంటే కలగాపులగం అవుతాయి. నిఘంటువుకు అక్షరక్రమం కావాలి, అక్కడ వెతుక్కుంటాం కనుక. నేర్చుకునేవాళ్లకు అది అడ్డమే. అందుకని కాగితాలను ముక్కలుగా కత్తిరించి కలిపేశాం. రంగు పెన్నులతో గీతలు గీసి పెట్టుకున్న పిల్ల కాసేపు మాట్లాడలేదు.

అసలు ఆ జాబితా కన్నా ముందు చదవాల్సింది ఇంకొకటి ఉందని నా పట్టు. ఇంగ్లీషు పదాల జాబితాల చరిత్రలో మన ఉపఖండానికీ చోటుంది. మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయ విద్యాధికారి ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలు తక్కువ మాటలతో ఎక్కువ ఇంగ్లీషు ఎలా చదవగలరని ఆలోచించాడు. ఆ దారిలో సాగిన పని 1953లో సుమారు 2,000 మాటల జాబితాగా వచ్చింది. దానికి పైమెట్టు న్యూజిలాండ్‌లో పడింది. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆవరిల్ కాక్స్‌హెడ్ 35 లక్షల పదాల విద్యా రచనలను వడపోసి, వెస్ట్ జాబితాలో లేకుండా, రకరకాల శాస్త్రాల్లో తరచూ కనిపించే 570 పద కుటుంబాలను (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) 2000లో ప్రచురించింది. ఆమె లెక్క ప్రకారం అలాంటి రచనల్లో వెస్ట్ మాటలు దాదాపు 76 శాతం, ఈ 570 కుటుంబాలు మరో 10 శాతం. జీఆర్‌ఈ జాబితాల్లో కనిపించే ఘనమైన మాటల్లో ఎక్కువ భాగం ఆ మిగిలిన కొసరులోవే.

"అత్తా, కాక్స్‌హెడ్ మాటలు నాకు తెలిసినవే" అంది మేనకోడలు. తెలిసినవే, నిజం. అయితే డెరైవ్, అట్రిబ్యూట్, కాన్‌స్టిట్యూట్ ఇచ్చి ఒక్కొక్క వాక్యం రాయమంటే పెన్ను కదలలేదు. మాట తెలియడంలో రెండు రకాలు ఉన్నాయని, చూసి గుర్తుపట్టడం వేరు, రాతలో వాడగలగడం వేరని ఈ పూటే తేలింది. ఒప్పందం కుదిరింది: పొద్దున కాక్స్‌హెడ్, సాయంత్రం జీఆర్‌ఈ.

మే చివర

పనిముట్లు సిద్ధమయ్యాయి. అట్ట ముక్కలు, చెప్పుల డబ్బా ఒకటి, ఫోనులో ఆంకి అనే కార్డుల యాప్.

వెనక ఉన్న సూత్రం పాతదే. 1885లో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నదీ కొలిచాడు. మరుపు మొదట చాలా వేగంగా, పోనుపోను నెమ్మదిగా సాగుతుంది. ఒకే బిగిన వల్లెవేయడం కన్నా ఎడం ఇచ్చి చదవడం మేలని కూడా ఆయన గమనించాడు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు దీన్ని పెట్టె పద్ధతిగా మార్చాడు: పెట్టెలో అరలు, సరిగ్గా చెప్పిన కార్డు వెనక అరకు వెళుతుంది, తప్పిన కార్డు ఏ అరలో ఉన్నా మొదటికే వస్తుంది, వెనక అరలను అరుదుగా తీస్తాం. ఇదే పనిని లెక్క కట్టి చేసేది ఆంకి. 2006లో డేమియన్ ఎల్మ్స్ తయారుచేశాడు. పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో రాసిన సూత్రం దీనికి మొదటి ఆధారం.

డబ్బాయా, ఫోనా అని ఒకటి తేల్చుకోవాల్సిన అవసరం లేదనిపించింది. ఫోనులో కార్డు తిప్పి, వచ్చిందో రాలేదో మనమే నొక్కుతాం. గుర్తుపట్టడానికి అది చాలు. బస్సులో కూడా అవుతుంది. వాక్యం రాయాలంటే మాత్రం కూర్చోవాలి, కాగితం ముందుండాలి. కనుక చదివినప్పుడు తెలిస్తే చాలనుకునేవి ఫోనులోకి, నా చేత్తో రాయదలుచుకున్నవి డబ్బాలోకి. ఆంకి మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు చూపిస్తుంది. దాన్ని సగానికన్నా తక్కువకు దించాను. కొత్తవి చూసే ఉత్సాహం మొదట్లో అందరికీ ఉంటుంది. వారం గడిచాక తిరిగొచ్చే పాతవే మనిషిని ముంచుతాయి.

మేనకోడలు 20 దగ్గరే ఉంచుకుంది. తనకు గడువుంది మరి.

జూన్ మొదటి వారం

ఈ వారమంతా ఒకే గుంపు దగ్గర గడిచింది. వృథా కాలేదు.

మిటిగేట్, అలీవియేట్, అస్వేజ్, మాలిఫై, ప్లకేట్, అప్పీజ్. ఆరు కార్డుల వెనకా మేనకోడలు రాసింది ఒకటే: తగ్గించు, శాంతింపజేయు. కార్డును ఎదురు తిప్పి, తెలుగు చూపించి ఇంగ్లీషు మాట చెప్పమంటే ఆరింటిలో ఏది చెప్పినా ఒప్పే. అలాంటి కార్డు పరీక్షకూ పనికిరాదు, రాతకూ పనికిరాదు. చేతికందే పెద్ద నిఘంటువుల్లో కూడా ఇదే చిక్కు. బ్రౌన్ దొర 1850ల నాటి నిఘంటువు నుంచి మన ఇళ్లలో ఉండే శంకరనారాయణ నిఘంటువు దాకా ఒక ఇంగ్లీషు మాటకు అయిదారు తెలుగు మాటలు ధారాళంగా ఇస్తాయి. చదివేవాడికి అవి వరం. రాయబోయేవాడికి కావలసింది వేరు: ఈ మాట దేని పక్కన కూర్చుంటుంది?

ఈ ప్రశ్నకు భాషాశాస్త్రంలో గట్టి వంశమే ఉంది. మాట అర్థం దాని పక్కనున్న మాటలను బట్టి తెలుస్తుందని బోధించిన జె.ఆర్. ఫర్త్, లండన్‌లో పేరు తెచ్చుకోక ముందు లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు. ఆయన ఆలోచనను ముందుకు తీసుకెళ్లిన జాన్ సింక్లెయిర్ బర్మింగ్‌హామ్‌లో కంప్యూటర్‌లోకి లక్షల కొద్దీ పదాల అసలు రాతలను ఎక్కించి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చాడు. అందులో అర్థం కూడా పూర్తి వాక్యంగానే ఉంటుంది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ అభ్యాసకుల నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితం. ఉదాహరణ వాక్యాలే వాటి అసలు సంపద. అర్థం దగ్గర ఆగిపోయి కిందికి దిగకపోవడం పెద్ద నష్టం.

ఆరు మాటలకూ ఉదాహరణలు ఏరి బల్ల మీద పరిచాం. మిటిగేట్ తర్వాత నష్టం, ప్రమాదం, దుష్ప్రభావం వస్తున్నాయి; మనిషి రావడం లేదు. అలీవియేట్ తర్వాత నొప్పి, పేదరికం, రద్దీ: బాధ తేలికవుతుంది, మూలం పోయిందన్న హామీ లేదు. అస్వేజ్ మనసు లోపలి వాటికి: అపరాధ భావం, భయం, అనుమానం. ఆకలి, దాహం కూడా దీని కిందకే వస్తాయి. మాలిఫై, ప్లకేట్ అనాలంటే ఎదురుగా కోపంగా ఉన్న మనిషో, గుంపో ఉండాలి.

అప్పీజ్ దగ్గర నా పాఠమే నాకు అక్కరకొచ్చింది. 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే కలిసి చెకొస్లోవేకియాలోని సుడెటెన్‌లాండ్‌ను హిట్లర్‌కు వదిలిపెట్టారు. మరుసటి మార్చిలో అతడి సేనలు ప్రాగ్‌లో ఉన్నాయి. సెప్టెంబరు 1న పోలండ్. తరగతిలో ఏటా చెప్పే సంగతే. ఆ తర్వాత నుంచి రాజకీయాల్లో ఈ మాట ఎవరు ఎవరి మీద వాడినా నింద కిందే లెక్క: అడిగినదల్లా ఇచ్చి నోరు మూయించడం. మన వార్తల్లో బుజ్జగింపు రాజకీయాలు అనేది ఇదే. ప్లకేట్‌కు అంత మచ్చ లేదు. నిఘంటువులో రెండింటికీ ఒకే అర్థం ఉన్నా, సంపాదకీయంలో ఒకటి తీసి ఒకటి పెడితే రచయిత పక్షమే మారిపోతుంది.

ఇప్పుడు కార్డు రూపు మారింది. ముందువైపు వాక్యం, మాట ఉండాల్సిన చోట ఖాళీ, మొదటి అక్షరం. వెనక మాట, దాని జత మాటలు రెండో మూడో. తెలుగు అర్థం మూలకు, చిన్నగా. మిటిగేట్ కార్డు మీద భావం ఇది: వరదను రాకుండా ఆపలేం, కానీ గోదావరి గట్లు ముందే పటిష్ఠం చేస్తే నష్టాన్ని మిటిగేట్ చేయగలం. మొదటి సగం లేకపోతే ఈ వాక్యానికి విలువ లేదు. ఆపడం వేరు, తీవ్రత తగ్గించడం వేరు అన్న తేడాను ఆ సగమే మోస్తోంది.

ఆరింటిలో నేను డబ్బాలో వేసుకున్నవి రెండే, మిటిగేట్, అలీవియేట్. తక్కినవి ఫోనుకు. నా రాతలో ఎవరినీ మాలిఫై చేయాల్సిన పని రాదు.

జూన్ మధ్యలో

బడులు తెరిచారు. వేగం తగ్గింది. చెప్పుకోదగ్గ పని లేదు, పాత కార్డులు తిప్పడం తప్ప.

జూన్ చివర

వాక్యాలకు పరీక్ష పెట్టాం. పరీక్షకుడు మా వారు. ఆయనకు ఇంగ్లీషు మీద ప్రత్యేక మోజు లేదు, అదే ఆయన అర్హత. ఖాళీ ఉన్న వాక్యం చదివి, అక్కడ ఎలాంటి అర్థం ఉండాలో తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషు మాట తెలియనక్కర్లేదు. చెప్పగలిగితే వాక్యం నెగ్గినట్టు.

'ఆయన చాలా గారులస్' అన్న వాక్యం మొదటి చూపులోనే పోయింది. ఖాళీలో పొడవరి, పిసినారి, మంచివాడు, ఏదైనా పడుతుంది. తిరగరాసినది: సామర్లకోటలో రైలెక్కిన పెద్దాయన మేం అడగకుండానే అల్లుడి ఉద్యోగం, తన మోకాళ్లు, పొలం తగాదా అన్నీ చెప్పుకొచ్చాడు, విశాఖ వచ్చేసరికి ఆ గారులస్ ప్రయాణికుడి వంశవృక్షం మాకు కంఠతా వచ్చింది. మా వారు చదివి, "వాగుడుకాయ" అన్నారు. నెగ్గింది.

దాని ఎదురు మాట లకోనిక్‌కు కథే ఉంది, వాక్యంతో పని తక్కువ. స్పార్టా ఉన్న ప్రాంతం లకోనియా. నేను గనక మీ దేశంలో అడుగుపెడితే నగరాన్ని నేలమట్టం చేస్తానని మాసిడోనియా రాజు ఫిలిప్ కబురు పంపితే, స్పార్టా నుంచి ఒకే ఒక్క మాట జవాబుగా వచ్చిందట: 'గనక'. ఈ కథ విన్నవాళ్లు లకోనిక్‌ను మరిచిపోరు. కేవలం మాటలు తక్కువని కాదు, ఆ తక్కువలో పదును ఉండాలని కూడా కథే చెబుతుంది. మాట్లాడని మనిషి టాసిటర్న్. అతడిలో పదును ఉండాలన్న నియమం లేదు.

విభక్తుల సంగతి ఇక్కడే రాసుకోవాలి, ఎందుకంటే మా వాక్యాల్లో సగం తిరిగి రావడానికి కారణం అవే. మనకు ప్రత్యయం నామవాచకానికి అంటుకుని వస్తుంది. ఇంగ్లీషులో ఏ చిన్న మాట రావాలో పెద్ద మాట నిర్ణయిస్తుంది. కండ్యూసివ్ అయితే టు, డివాయిడ్ అయితే ఆఫ్, కంటింజెంట్ అయితే ఆన్, టాంటమౌంట్ అయితే టు. ఇవి తర్కానికి అందవు, తోకతో కలిపి నేర్చుకోవాల్సిందే. తిప్పలు పెట్టేవి తోక లేనివి. తెలుగులో ఒక విషయం 'గురించి' చర్చిస్తాం, దాని 'మీద' నొక్కి చెబుతాం. ఆ అలవాటుతో డిస్కస్ పక్కన అబౌట్, ఎంఫసైజ్ పక్కన ఆన్ వచ్చి చేరతాయి. రెండూ అక్కర్లేదు. కంప్రైజ్ పక్కన ఆఫ్ కూడా అంతే. ఇలాంటి మాటల కార్డు మీద తోక ఉండాల్సిన చోట ఎర్ర సున్నా పెట్టాం.

మాట స్వభావం ఇంకొకటి. కొన్ని మాటలు పైకి తటస్థంగా కనిపిస్తాయి, వెంట చెడ్డవాటినే తెచ్చుకుంటాయి. కాజ్ అనేది ప్రమాదాలకు, నష్టాలకు, ఆందోళనలకే ఎక్కువ. ఆనందానికి కాజ్ అని రాస్తే వ్యాకరణం తప్పుపట్టదు కానీ వాక్యం ముఖం చిట్లిస్తుంది. అటర్లీ కూడా అలాంటిదే. సింక్లెయిర్ బృందం కంప్యూటర్ ముందు కూర్చుని పట్టుకున్న గుట్టు ఇది. మామూలు నిఘంటువు దీన్ని చెప్పదు.

జూలై మొదట్లో

ధాతువులు. మేనకోడలికి శిక్షణ సంస్థ ఇచ్చిన పుస్తకంలో లాటిన్, గ్రీకు ధాతువులు ఉన్నాయి. వాటి మీద ఆమెకు అపారమైన నమ్మకం, నాకు సగం నమ్మకం.

మంచి వైపు చూస్తే, గ్రెగ్ అంటే మంద. మందతో కలిసి ఉండేవాడు గ్రిగేరియస్. మందగా చేరడం కాంగ్రిగేట్, మంద నుంచి విడదీయడం సెగ్రిగేట్. ఒక ధాతువుతో మూడు మాటలు చేతికొచ్చాయి. సంస్కృతం కలిసిన తెలుగు చదివినవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది: లాటిన్, సంస్కృతం ఒకే కుదుటివి. కాగ్నిషన్‌లో గ్నో మన జ్ఞానమే. మోర్టల్‌లో మృత ఉంది. ఇమ్మోర్టల్ పక్కన అమృతం పెట్టి చూడండి. డెంటల్‌లో దంతం, పెడల్‌లో పాదం. తెలుగు ఈ కుటుంబానికి చెందదని, దక్షిణాది భాషలది వేరే కుదురని కంపెనీ అధికారి ఎల్లిస్ దొర 1816లోనే మద్రాసులో రుజువు చేశాడు. అయినా శతాబ్దాల అరువు పుణ్యమా అని ఆ ఖజానా తాళం మన దగ్గరా ఉంది.

సగం అపనమ్మకం ఎందుకంటే: ఎగ్రీజియస్. మంద నుంచి బయటికి నిలిచినది అని విడమరిస్తే విశిష్టమైనది అనిపిస్తుంది. ఒకప్పుడు ఇంగ్లీషులో ఆ అర్థం ఉండేది కూడా. ఇప్పుడది ఘోరమైన పొరపాట్లకే వాడతారు. ఇనర్వేట్ చూస్తే శక్తినిచ్చేదిలా ఉంటుంది; నిజానికి శక్తి హరించేది. నాయిసమ్‌కు శబ్దంతో సంబంధం లేదు, దుర్గంధంతో ఉంది. రెస్టివ్ మనిషికి విశ్రాంతి లేదు, అసహనం ఉంది. డిస్‌ఇంటరెస్టెడ్ న్యాయమూర్తి మనకు కావాలి, ఎందుకంటే అతడు నిష్పక్షపాతి. ఆసక్తి లేనివాడు అన్‌ఇంటరెస్టెడ్.

"అయితే ధాతువులు దండగేనా అత్తా?" అని అడిగింది.

ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం చెప్పి, వీటిలో ధాతువు ఎన్ని అని అడిగాను. ఒకటే. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని మన వ్యాకరణం ఎప్పుడో చెప్పింది. ఆహారం తెలిసినవాడు సంహారం అర్థాన్ని ఊహించి తెలుసుకోలేడు. తెలుసుకున్నాక మాత్రం ధాతువు ఒక కొక్కెంలా పనికొస్తుంది. కాబట్టి మా నియమం: అర్థం ముందు వాక్యం నుంచి, ధాతువు తర్వాత జ్ఞాపకం కోసం. కార్డు వెనక్కి జరిపాం దాన్ని.

ఈ వెతుకులాటలో రెండు దొరికాయి. జీఆర్‌ఈ జాబితాల్లో ఉండే జగర్‌నాట్, అడ్డొచ్చినదాన్ని తొక్కుకుంటూ పోయే మహాశక్తి, పూరీ జగన్నాథుడి రథం నుంచి వచ్చింది. ఇక బాండికూట్ అయితే అచ్చంగా మన పందికొక్కు. పరీక్షకు పనికిరాదు, అయినా కార్డు రాసి డబ్బా మూత లోపల అంటించాను.

జూలై మధ్యలో

ఉచ్చారణ. తెలుగు లిపిలో రాసుకోవడం చాలావరకు సాయపడుతుంది. ఎపిటమీ, హైపర్బొలీ, ఇండైట్, డెబ్రీ, సెగ్వే: స్పెల్లింగ్ చూసి పలికితే దెబ్బతినే మాటలివి; తెలుగులో రాస్తే ఒక్క చూపులో తేలిపోతాయి. మన లిపి చూపలేనిది ఊనిక. ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద బరువు. ఫొటోగ్రఫర్‌లో రెండోదాని మీద. బరువు పడే అక్షరం కింద గీత గీస్తున్నాం. వీ, డబ్ల్యూ రెండింటికీ మనకు వ ఒక్కటే కాబట్టి అక్కడ చెవి మీదే ఆధారపడాలి. నిఘంటువుల్లో స్పీకర్ గుర్తు నొక్కితే వినిపిస్తుంది.

జూలై చివర

ఎదురుచూడని చిక్కు: తెలుగులో ఇదివరకే స్థిరపడిన ఇంగ్లీషు మాటలు. ఇవి తెలుసుననే ధీమాతో జాబితాలో దాటేస్తాం. శాంక్షన్ అంటే మన ఇళ్లలో ఒకటే అర్థం: లోను వచ్చింది, పింఛను మంజూరైంది. అదే మాట విదేశీ వార్తల్లో బహువచనంలో కనిపిస్తే ఆంక్షలు, అంటే దాదాపు ఎదురు అర్థం. ఇంగ్లీషులో రెండూ సరైనవే, పక్క మాటలు చూసి తేల్చుకోవాలి. ఫీలయ్యాడు అంటే మనకు నొచ్చుకున్నాడని. ఇంగ్లీషులో ఫీల్‌కు ఏ పక్షమూ లేదు. మేనకోడలికి అన్నిటికన్నా ముఖ్యమైనది స్కీమ్. మనకూ బ్రిటన్‌కూ అది ప్రభుత్వ పథకం. అమెరికాలో కుట్ర, మోసం వాసన వేస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాస్తూ, మా గ్రామంలో ఒక స్కీమ్ నడిపానని గొప్పగా చెప్పుకుంటే చదివేవాడు కనుబొమ్మ ఎగరేయవచ్చు. ప్రోగ్రామ్ అని రాయమన్నాను.

ఇలాంటివాటికి వేరే కట్ట పెట్టాం. డబ్బాలో అన్నిటికన్నా ఉపయోగపడే కట్ట ఇదేనని నా అభిప్రాయం. ఏ శిక్షణ సంస్థ జాబితాలోనూ ఇది దొరకదు.

ఆగస్టు మొదటి వారం

పరీక్ష నమూనాలు. 2011 ఆగస్టుకు ముందు జీఆర్‌ఈలో వ్యతిరేకార్థాలు, పోలికల ప్రశ్నలు నేరుగా ఉండేవి. మాట, అర్థం వల్లెవేసినవాళ్లకు అది స్వర్గం. ఆ ఏడాది రెండూ తీసేసి వాక్యాల్లో ఖాళీల మీదే మాటల పరీక్ష పెట్టారు. ఒక రకంలో ఆరు మాటలు ఇస్తారు. ఖాళీలో ఏ రెండు పెడితే రెండు వాక్యాలకూ ఒకే అర్థం వస్తుందో ఎంచాలి. రెండూ సరైతేనే మార్కు, ఒకటి సరైతే ఏమీ లేదు. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష మొత్తం రెండు గంటల లోపే ముగుస్తోంది. భాషా విభాగంలో 27 ప్రశ్నలు. అంటే నింపాదిగా ఆలోచించే సమయం లేదు.

మా వారి ఖాళీ పరీక్షే ఇది, ఇంకొంచెం కఠినంగా. మేనకోడలు ఇప్పుడు ఎంపికలు చూడకముందే ఖాళీలో తన సొంత మాట వేసుకుంటోంది, అవసరమైతే తెలుగులోనే. వాక్యంలో అయినప్పటికీ, బదులుగా, నిజానికి లాంటి మలుపు మాటలకు గుండ్రాలు చుడుతోంది. మలుపు దొరికితే ఖాళీ మంచి వైపో చెడు వైపో తేలిపోతుంది. ఆరు మాటల్లో మూడు అక్కడే రాలిపోతాయి.

పరీక్షలో అరగంట వ్యాసం కూడా ఉంది. సాధనగా ఉప్పాడ తీరం కోత గురించి ఇద్దరం చెరో పేరా రాశాం. సముద్రం ఇళ్లను, రోడ్డును మింగడం చుట్టుపక్కల వాళ్లం ఏళ్లుగా చూస్తున్నదే, విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎన్‌క్రోచ్, అంటే ఆక్రమించడం, దాని పక్కన ఆన్. ఎగ్జాసర్‌బేట్ అంటే మరింత ముదిరేలా చేయడం; అలా చేసేది ఉన్న సమస్యనే, కొత్తదాన్ని కాదు. ఇనెక్సొరబుల్ అనేది ఎంత వేడుకున్నా ఆగని రాకకు. మూడు మాటలూ సముద్రానికి సరిగ్గా సరిపోయాయి. మేనకోడలి పేరాలో ఇవి కాక ఇంకో డజను ఉన్నాయి. ప్రతి నామవాచకం ముందూ ఒక ఘనమైన విశేషణం.

"అమ్మడూ, ఇది జాబితాకు ఉప్పాడ చీర కట్టినట్టుంది" అన్నాను.

నవ్వింది కానీ ఒప్పుకోలేదు. "పదజాలం చూసే కదా మార్కులు వేస్తారు" అంది. మార్కులు వేసేవాళ్లు చూసేది ఆలోచన స్పష్టంగా ఉందా, మాట దానికి సరిగ్గా సరిపోయిందా అని. రెండు పేరాలనూ మా వారికి ఇచ్చాం. తన పేరాలో మూడో వాక్యం దగ్గర ఆయన కాగితం కింద పెట్టారు. ఇక వాదించాల్సిన అవసరం రాలేదు. పిల్ల కూర్చుని కొట్టివేయడం మొదలుపెట్టింది: యుటిలైజ్ స్థానంలో యూజ్, కమెన్స్ స్థానంలో బిగిన్, విశేషణాల్లో చాలావాటికి ఏమీ లేదు. చివరికి పేరాలో మిగిలినవి ఇనెక్సొరబుల్, ఎగ్జాసర్‌బేట్. చుట్టూ మామూలు మాటలు ఉండబట్టి రెండూ కనిపిస్తున్నాయి. నా పేరా కన్నా అదే బాగుందని చెప్పాలి. సముద్రపు గోడ రాళ్ల గురించి తను రాసిన వాక్యం నాకు తట్టలేదు.

ఆ తర్వాత తన ఫోనులోని పెద్ద జాబితాను ముందేసుకుని ఒక్కో మాటనూ అడిగింది: ఇది నేను ఎప్పుడైనా రాస్తానా? చాలావాటికి జవాబు రాయను అనే. అలాంటివాటికి వాక్యాలు రాయడం మానేసింది. చూసి గుర్తుపడితే చాలు. ఆ ఎంపిక జరిగాక తన రోజువారీ భారం తగ్గింది. రాసే వాక్యాలకు సమయం దొరికింది. నాకు జూన్‌లో ఆరు మాటల దగ్గర తేలిన సంగతే ఇది, తన దారిలో తను చేరింది.

ఆగస్టు మూడో వారం

మేనకోడలు పరీక్ష కోసం హైదరాబాదు వెళ్లింది. ఫోనులోని కార్డులు తనతోనే ఉంటాయి, నా నకలు నా దగ్గర ఉంది. డబ్బా ఇక్కడే.

నిన్నటి సంపాదకీయంలో నిఘంటువు తీయాల్సి వచ్చింది ఒక్క మాటకే, రీకాల్సిట్రంట్. చెప్పిన మాట వినక ఎదురు తిరిగే పక్షాలకు, అధికారులకు వాడుతున్నారు. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కు ఎంత సరిపోతుందో అనిపించింది కానీ, ఫోనులోకే వేశాను.

తర్వాతి విడత కాక్స్‌హెడ్ చివరి ఉపజాబితా. అందులో మిగతా తొమ్మిదింటిలా 60 కాకుండా 30 కుటుంబాలే. వాటిలో నాకు ముఖ్యమైనవి ఆల్‌బీట్, నాట్‌విత్‌స్టాండింగ్, వేర్‌బై లాంటివి; వస్తువుల పేర్లు కావు, వాక్యాన్ని మలుపు తిప్పే మాటలు. సంపాదకీయాలు వీటి మీదే నడుస్తాయి. జత మాటలు చూపించే నా పద్ధతి వీటికి నేరుగా పనిచేయదు, ఎందుకంటే ఇవి దేని పక్కనైనా కూర్చుంటాయి. వీటికి కార్డు మీద ఒక వాక్యం చాలదు, రెండు కావాలేమో. ముందు వాక్యం ఒక వైపు లాగాలి, ఖాళీ ఉన్నది ఇంకోవైపు.

ఆల్‌బీట్‌తో రాసిన మొదటి వాక్యం మా వారి దగ్గరకు వెళ్లి తిరిగొచ్చింది. ఖాళీలో 'కానీ' పెట్టినా సరిపోతోందట. నిజమే. ఆల్‌బీట్ తర్వాత వచ్చేది ఒప్పుకోలు, అదీ చిన్నది, ముందున్న మాటను కొట్టేయనిది. ఆ చిన్నతనం వాక్యంలో కనిపించాలి. కొత్త అట్ట ముక్క తీశాను.